వానలెక్కలో పదచ్ఛేదము



పల్లెటూరి బడిలో తెలుగుపాఠములు చెప్పి విశ్రాంతి గైకొన్న నావంటివాడు కంప్యూటరు వ్రాతను గూర్చి ప్రసంగింప బూనుట విని కొందఱు నవ్వుకొనవచ్చును. నేను ఆ విద్యను వెదకికొని పోలేదు. అదియే నా యరుగుమీదికి వచ్చినది. దానిని తెచ్చినవాడు నా పూర్వశిష్యు డొకడు. ఒక సంస్థలో సాఫ్ట్‌వేరు పని చేయుచున్నాడు. వానను కొలుచు యంత్రములు పంపెడి పంక్తులను చదివి, ఏ తావున ఏనాడు ఎంత కురిసినదో పట్టికగా గూర్చు ప్రోగ్రాము అతని చేతిలో నున్నది. అతడు సెలవులకు ఊరికి వచ్చి, ఒక కాగితము నా ముందుంచి యిట్లనెను.

"అయ్యవారూ, ఆ పొద్దు చుక్క గూడా పడలేదంటుంది మాయమ్మ. మా లెక్కలో చూస్తే పండ్రెండు మిల్లీమీటర్ల వాన ఉంది. ఏది నమ్మాల?"

"మీ అమ్మను నమ్ము నాయనా. కాగితము ఇటు తెమ్ము" అంటిని.

ఆ కాగితమునందలి తప్పు పట్టుటకు కంప్యూటరు శాస్త్రము నాకు అక్కఱకు రాలేదు. పదచ్ఛేద మొక్కటే చాలినది. నేడు నేను చెప్పబోవునది దానినే. కాని ముందుగా, పండ్రెండు మిల్లీమీటర్ల కొఱకు ఇంత గోల యేల యని అడుగు కోస్తాసీమ శ్రోతల నిమిత్తము మా సీమ సంగతి రెండు మాటలు చెప్పవలసియున్నది.

అనంతపురపు మెట్టకు పడమటి కనుమలు అడ్డముగా నున్నవి. నైరృతి మేఘములు తమ నీటిని ఆ కనుమల కావలనే దింపుకొని వట్టిచేతులతో మామీదుగా సాగిపోవును. ఈశాన్యపు వానలు తూర్పుతీరమును తడిపి మా దాక వచ్చుసరికి అలసిపోవును. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చేరువ వాన. అదియు పడవలసినప్పుడు పడదు. 1875లో భారత వాతావరణశాఖ ఏర్పడినది. ఆ మరుసటి యేడే ధాతకఱవు మా సీమను పట్టి పీడించినది. వానను కొలుచుట మాకు వినోదము కాదు. ఎఱ్ఱనేలలో వేసిన వేరుసెనగ, మా మాటలో సెనక్కాయ, పూత పూచి ఊడలు దిగు తఱిని బెట్ట వచ్చెనా, చెట్టు పచ్చగానే యుండును గాని కాయలో గింజ నిండదు.

వాతావరణశాఖవారు ఒకనాడు 2.5 మిల్లీమీటర్లును ఆపైనను కురిసిననే ఆ నాటిని వానదినముగా లెక్కింతురు. బెట్ట యెన్ని దినములు సాగెనో ఆ లెక్కనుబట్టి తేలును. 2003లో మహబూబ్‌నగరు జిల్లాలో బేసిక్స్, ఐసిఐసిఐ లాంబార్డు సంస్థలు వానలెక్కపై ఆధారపడిన బీమాను వేరుసెనగ, ఆముదపు రైతులకు ప్రయోగముగా అమ్మినవి. 2007 నుండి కేంద్రప్రభుత్వము వాతావరణాధార పంటబీమాను చేపట్టినది. అట్టి బీమాలో ఎవరును పొలమునకు వచ్చి పంటను చూడరు. యంత్రపు లెక్కయే సాక్షి. ఆ సాక్షి మాటను తప్పుగా చదివినచో రైతు మొఱ పెట్టుకొనుటకు చోటుండదు.

ఇక యంత్రము. పూర్వము తాలూకా కచ్చేరి ఆవరణలో గరాటుగల పాత్ర యొకటి యుండెడిది. ఉదయము 8:30కు గుమాస్తా వచ్చి, అందలి నీటిని గాజు కొలపాత్రలో పోసి, అంకెను పుస్తకమున వ్రాసికొనెడివాడు. నేడు మండల మండలమునను స్వయముగా పనిచేయు కేంద్రములు వెలసినవి. వానిలో గరాటుక్రింద రెండు చిన్న దొన్నెలు త్రాసుతట్టలవలె అమర్పబడియుండును. ఒక దొన్నె నిండగానే వాలి నీటిని విడుచును, రెండవది పైకి వచ్చును. వాలిన ప్రతిమాఱును ఒక విద్యుత్సంజ్ఞ పుట్టును. కొన్ని యంత్రములలో ఒక వాలు 0.2 మిల్లీమీటరు, కొన్నిట 0.5. వాలులను లెక్కపెట్టి, ఆ లెక్కను ఒక పంక్తిగా వ్రాసి, సెల్‌ఫోను మార్గమున దూరమందున్న కంప్యూటరునకు పంపుట యంత్రము పని.

ఇట్టి పంక్తిని లాగ్ అందురు. మా సీమలో లాగు అనిన పిల్లలు తొడుగుకొను నిక్కరు. ఇది అది కాదు. పూర్వము ఓడవారు త్రాడు కట్టిన కొయ్యముక్కను సముద్రములో విసరి, త్రాడు ఎంత వేగముగా సాగునో చూచి ఓడనడకను కనిపెట్టెడివారు. ఆ దుంగకు ఇంగ్లీషున లాగ్ అని పేరు. ఆ లెక్క వ్రాసికొను పుస్తకమునకును అదే పేరు వచ్చి, తుదకు యంత్రములు తమంత తాము వ్రాసికొను దినచర్య కెల్ల ఆ పేరు నిలిచినది.

యంత్రపు వ్రాత రెండు తెఱగులు. ఒకటి మన కరణముల అడంగలు వంటిది. మొదటి గడిలో సర్వే నంబరు, రెండవదానిలో విస్తీర్ణము, మూడవదానిలో పైరు, ఇట్లు గడి స్థానమునుబట్టి అర్థము. చోటు తక్కువ పట్టును. కాని ఒక గడి జరిగినచో దాని వెనుకనున్నవన్నియు జరుగును. పైరున్నచోట శిస్తు వచ్చి కూర్చుండును. రెండవ తెఱగున ప్రతి సంగతియు తన పేరును తనతో తెచ్చుకొనును. పేరు, సమానచిహ్నము, విలువ. పిమ్మట ఒక ఖాళీ. మఱల పేరు, సమానచిహ్నము, విలువ. కంప్యూటరువారు పేరును కీ యందురు. నాకు పేరనుటయే సుఖము. ఈ రీతిలో వరుస మాఱినను నష్టము లేదు. క్రొత్త సంగతి చేర్చినను పాతవి చెడవు. మనిషి చదువగలడు, యంత్రమును చదువగలదు. నా శిష్యుని కాగితముమీద నున్నది ఈ రెండవ తెఱగు. అందలి ఇంగ్లీషు మాటలకు తెలుగు మాటలు పెట్టి, తేదీని తావును మార్చి, ఒక పంక్తి చూపుచున్నాను. రేడియోలో వినువారికి చిహ్నములు కనబడవు గనుక వానిని నోట చెప్పుచు చదివెదను.

కాలము=2024-08-13టీ08:30:00+05:30 తావు=0417 వాన=0.0 విద్యుత్తు=12.4

తేదీకిని గంటకును నడుమనున్న టీ అను అక్షరము ఆ రెంటిని అంటించు ఆచారము. తక్కినది తేటతెల్లము. నాలుగు పేర్లు, నాలుగు విలువలు. ఖాళీ యున్నచోట తెగగొట్టి, ప్రతి తునుకను సమానచిహ్నమువద్ద రెండుగా చీల్చిన చాలును. నా శిష్యుని సంస్థలో మొదట ఆ ప్రోగ్రాము వ్రాసినవారు అట్లే చేసిరి. నెలల తరబడి అది సరిగానే నడచినది. ఎందుకనగా, నెలల తరబడి వచ్చిన పంక్తులన్నియు ఇంత సాధువులే.

ఇచ్చట బడిలో నేను పిల్లలకు చెప్పెడి యొక చమత్కారము జ్ఞప్తికి వచ్చుచున్నది. నల్లబల్లమీద ‘వానరాలేదు’ అని కలిపి వ్రాసి చదువు మనెడివాడను. కొందఱు ‘వాన రాలేదు’ అని చదివెడివారు. అల్లరివాడొకడు లేచి ‘వానరా! లేదు’ అని చదువగా తరగతి యంతయు ఘొల్లుమనెడిది. తాళపత్రములలో మాటకును మాటకును నడుమ ఎడము విడుచు వాడుక లేదు, పాఠకుడే విఱుచుకొనవలెను. అందువలననే మన పూర్వులు పదచ్ఛేదమును ప్రత్యేకవిద్యగా పెట్టిరి. ఋగ్వేదమునకు శాకల్యుడు పదపాఠము చేసినది ఈ పనియే. ఇంగ్లీషున దీనిని పార్సింగు అందురు. లాటిను భాషలో పార్స్ అనగా భాగము. నా చిన్ననాడు ఇంగ్లీషు వ్యాకరణపు గంటలో వాక్యమునందలి ఒక్కొక్క మాటను పట్టుకొని ఇది నామవాచకము, ఇది క్రియ యని చెప్పుటకు ఆ పేరే యుండెను. కంప్యూటరువారును ఆ మాటనే పుచ్చుకొనిరి.

ఎడము విడిచి వ్రాసిన మాత్రమున పదచ్ఛేదము సులభమైపోవునని తలంపరాదు. ఎడము రెండు పనులు చేయును. ఒకచోట సంగతికిని సంగతికిని ఎల్లగా నిలుచును. ఇంకొకచోట వాక్యములోని మాటల నడుమ ఊరక యుండును. ఏది యేదో తెలిసికొనుటయే సమస్య. ఆ మరునాటి పంక్తి చూడుడు.

కాలము=2024-08-14టీ08:30:00+05:30 తావు=0417 వాన=0.0 గమనిక="పరీక్షకు నీరు పోసినప్పుడు వాన=12.0 చూపినది"

జరిగినది యిది. యంత్రమును బాగుచేయువాడొకడు ఆ దినమున వచ్చి, దొన్నెలు సరిగా వాలుచున్నవో లేవో చూచుటకు గరాటులో కొలిచి నీరు పోసెను. యంత్రము పరీక్షయం దుండుటచే అది అసలు లెక్కకు ఎక్కలేదు, వాన సున్నయే. కాని ఆ మనిషి బుద్ధిమంతుడు. తాను చేసిన పనిని గమనికలో వ్రాసి, పరాయి మాటలని తెలియునట్లు ఇరువైపుల కొటేషను గుర్తులు పెట్టెను. అతని తప్పేమియు లేదు. యంత్రపు తప్పును లేదు. చదివిన ప్రోగ్రాము మాత్రము కొటేషను గుర్తును చూడలేదు. ఖాళీ ఖాళీకిని తెగగొట్టుకొని పోయినది. సమానచిహ్నము లేని తునుకలను, అనగా ‘నీరు’, ‘పోసినప్పుడు’ మొదలైనవానిని, అర్థము కానివని విడిచినది. గమనిక లోపలనున్న ‘వాన=12.0’ మాత్రము దానికి పరమార్థముగా దోచినది. వాన యను పేరుక్రింద అప్పటికే యున్న సున్నను తుడిచివేసి, పండ్రెండును వ్రాసికొన్నది.

ఆగస్టు 1వ తేదీనుండి 25 వఱకు సాగిన 25 దినముల బెట్ట ఆ యొక్క తునుకవలన నడిమికి విఱిగి, 13 దినముల బెట్ట యొకటి, 11 దినముల బెట్ట యొకటి అయినది. ఊడలు దిగవలసిన దినములవి. ఒప్పందపు లెక్కలో 25కును 13కును గల భేద మెంతటిదో రైతుకుటుంబములవారికి నేను చెప్పనక్కఱలేదు.

మన భాషలో పరాయిమాట ఎట్లు తెలియును? ‘అని’ యను మాటతో తెలియును, సంస్కృతమున ‘ఇతి’. ఇవి రెండును పరాయిమాట ముగిసినచోటును చూపునే గాని మొదలైనచోటును చూపవు. ‘నిన్న వాన కురిసినదని చెప్పెను’ అనిన, కురిసినది నిన్నయా, చెప్పినది నిన్నయా? మనుష్యులు సందర్భమునుబట్టి గ్రహింతురు. యంత్రమునకు సందర్భ మను వస్తువు లేదు. కావున దానికి తెఱచు గుర్తును, మూయు గుర్తును రెండును కావలెను. ఆ రెంటి నడుమనున్న దంతయు ఒకే విలువ యనియు, అందులో ఖాళీ యున్నను, సమానచిహ్న మున్నను ముట్టరాదనియు నియమము కావలెను.

కాబట్టి తునుకలుగా తెగగొట్టు పద్ధతి పనికిరాదు. ఛందస్సు నేర్చు పిల్లవాడు పద్యపాదమును అక్షరమక్షరముగా గురులఘువులు పెట్టుకొనుచు పోవునట్లు, ప్రోగ్రామును అక్షరమక్షరముగా పోవలెను. అట్లు పోవునప్పుడు తానే యవస్థలో నున్నదో ఎల్లప్పుడు గుర్తుంచుకొనవలెను. మనకు జాగ్రత్తు, స్వప్నము, సుషుప్తి అను నవస్థలున్నట్లు దానికిని కొన్ని గలవు. పంక్తి మొదట పేరు కొఱకు ఎదురుచూచు నవస్థ. అక్షరము కనబడగానే పేరును కూర్చుకొను నవస్థ. సమానచిహ్నము రాగానే పేరు ముగిసి, విలువ కొఱకు చూచు నవస్థ. ఆ వెంటనే కొటేషను గుర్తు వచ్చెనా, కొటేషను లోపలి యవస్థ. వేఱక్షరము వచ్చెనా, విడివిలువ యవస్థ. విడివిలువ ఖాళీతో ముగియును. కొటేషను లోపలిది ఖాళీతో ముగియదు, మూయు గుర్తుతోనే ముగియును. ఒకే ఖాళీ ఒక యవస్థలో ఎల్ల, ఇంకొక యవస్థలో వట్టి యక్షరము. సమానచిహ్నమును అంతే: పేరును వెన్నంటి వచ్చిన మొదటి సమానచిహ్నమునకే అధికారము. విలువలోపల మఱికొన్ని యున్నను అవి ఊరక యుండవలసినవే. వెబ్ చిరునామాలలో సమానచిహ్నములు తఱచుగా నుండును గనుక ఈ నియమము మఱచినవారు అచ్చట పట్టుబడుదురు.

అయిన, కొటేషను లోపల కొటేషను వచ్చిన నేమి గతి? కాపలావాడు చెప్పిన మాటను ఉన్నదున్నట్లు వ్రాయవలసివచ్చిన దనుకొనుడు. దానికి ఉపాయ మిట్లున్నది.

గమనిక="కాపలావాడు \"చుక్క పడలేదు\" అనెను"

లోపలి గుర్తుకు ముందు వెనుకకు వాలిన గీత యొకటి పెట్టిరి. దాని వెంట వచ్చు నక్షరమునకు ఆ క్షణమున అధికారము పోవును. అది వట్టి యక్షరమే. మఱి వాలుగీతనే వ్రాయవలసివచ్చినచో రెండు వాలుగీతలు వ్రాయవలెను. రెండును కలిసి ఒకటి. ఇచ్చట తెలివిగలవారును జాఱుదురు. మూయు గుర్తు కనబడినప్పుడు దాని ముందటి యక్షరము వాలుగీతయా యని మాత్రమే చూచి, అగునన్నచో ఇది ముగింపు కాదని తేల్చెదరు. కాని ఆ వాలుగీతకు ముందు ఇంకొక వాలుగీత యున్నచో, మొదటిది రెండవదాని యధికారమును తీసివేసియున్నది. కావున గుర్తు ముగింపే. వెనుకకు తిరిగి చూచువానికి ఈ చిక్కు. ముందునుండి ఒక్కొక్క యక్షరముగా అవస్థను పట్టుకొని వచ్చువానికి చిక్కే లేదు. నా శిష్యుడు ఈ భాగమును రెండుమార్లు తప్పు వ్రాసి, మూడవమాఱు వేలు పెట్టుకొని బిగ్గరగా చదువుచు సరిదిద్దుకొనెను. చిన్నప్పుడు పద్యములకును వానికి అట్లే చేయవలసివచ్చెడిది.

ఈ నియమములకు శాస్త్రగ్రంథ మున్నదా యని అడుగవచ్చును. లాగ్‌ఫమ్ట్ అను పేరిట హెరోకు సంస్థనుండి ప్రచారములోనికి వచ్చిన తేలికపాటి రీతికి సర్వసమ్మతమైన సూత్రపాఠము లేదు. చదువు ప్రోగ్రాములు ఒక్కొక్కటి ఒక్కొక్క ఆచారము పాటించును. సిస్‌లాగ్ అనునది వేఱు. 1980ల దశాబ్దమున ఎరిక్ ఆల్‌మన్ అను నతడు ఉత్తరముల నందించు సెండ్‌మెయిలు ప్రోగ్రాముతో పాటు దానిని పుట్టించెను. దానికి 2009 మార్చి నెలలో ఆర్.ఎఫ్.సి. 5424 అను శాసన మేర్పడినది. అందు విలువ కెల్లప్పుడు కొటేషను తప్పదు. లోపల కొటేషను గుర్తునకును, వాలుగీతకును, మూయు చదరపు కుండలికిని ముందు వాలుగీత పెట్టవలెను. పేరు 32 అక్షరములకు మించరాదు. పేరులో ఇంగ్లీషు అక్షరములు, అంకెలు, చిహ్నములే చెల్లును. నేను పైన తెలుగున వ్రాసిన పేర్లు ఆ శాసనమున చెల్లవని ఒప్పుకొనుచున్నాను. విలువలు మాత్రము తెలుగున నుండవచ్చును.

ఇట్టి సూత్రములను క్లుప్తముగా వ్రాయు సంజ్ఞారీతిని జాన్ బాకస్ 1959లో వెలువరించెను. 1967లో ఇంగర్‌మన్ అను నొక విద్వాంసుడు దానికి పాణిని పేరును గూడ చేర్చవలెనని ఒక పత్రికకు లేఖ వ్రాసెను. సభలలో ఈ మాట చెప్పి మనవారు భుజములు చఱచుకొందురు. నేను చఱచుకొనను. పాణిని పేరు చెప్పుకొనినంత మాత్రమున కొటేషను గుర్తును చూడని ప్రోగ్రాము చూడనేర్వదు. పాణిని నుండి మనకు ఇచ్చట అక్కఱకు వచ్చునది వేఱొకటి గలదు. అది లోపము.

కనబడకపోవుటకు సైతము ఆయన ఒక పేరు పెట్టెను. ఉండవలసినది లేకపోయినచో ఆ లేమినే ఒక సంగతిగా గ్రహించి దానితో వ్యవహరింపవలెను గాని, ఏమియు జరుగనట్లు దాటిపోరాదు. కఱవుసీమలో ఈ వివేకము ప్రాణావసరము. చూడుడు. ‘వాన=0.0’ అనిన, యంత్రము కన్ను తెఱచి చూచినది, వాన పడలేదు. ‘వాన=’ అని ఊరకున్న, పేరు పలికినది గాని విలువ చెప్పలేదు. సమానచిహ్నము సైతము లేక వట్టి ‘వాన’ యనియే యున్నచో, కొన్ని ప్రోగ్రాములు దానిని ‘ఔను’ అను నర్థమున గ్రహించును, ఆ ‘ఔను’ను అంకెగా మార్చినచో 1 అగును, ఆకాశమున మబ్బు లేకయే ఒక మిల్లీమీటరు కురియును! వాన యను పేరే పంక్తిలో లేకున్న, అది ఇంకొక విధము. అసలు పంక్తియే రాకున్న, మఱియొక విధము. ఇవన్నియు వేఱువేఱు. తార్కికులు అభావమును నాలుగు తెఱగులుగా విభజించి వాదించినప్పుడు వీరికి పనిలేదని నేనును విద్యార్థిదశలో విసుగుకొంటిని. ఇప్పుడు విసుగుకొనను.

చాల ప్రోగ్రాములు ఈ లేములన్నిటిని సున్నలో కలిపివేయును. విద్యుత్తు లేక యంత్రము వారము దినములు మూగవడినచో ఆ వారము బెట్టగా లెక్కకెక్కును. లేక, అట్టి దినములను లెక్కనుండియే తీసివేయుదురు. అప్పుడు నిజమైన బెట్ట పొట్టిదగును. రెండును అబద్ధములే. కొన్ని యంత్రములు ‘తెలియదు’ అనుటకు ఋణము 9999 వంటి అసంభవమైన అంకెను వ్రాయును. అది యెఱుగక ఎవరైన సగటు కట్టినచో భూమినుండి మబ్బులకే వాన కురిసినట్లు తేలును. సున్న వేఱు, తెలియనిది వేఱు అని పట్టికలో రెండు గుర్తులు పెట్టుటకు ఒక అఱయైన చాలును. ఆ యొక్క అఱకు లోభించరాదు.

ఒకే పేరు పంక్తిలో రెండుమార్లు వచ్చిన నేమి చేయవలెను? సిస్‌లాగ్ శాసనమున అది దోషము కాదు. ఒకే పేరును మరల వాడవచ్చును. కొన్ని ప్రోగ్రాములు మొదటిదానిని, కొన్ని కడపటిదానిని నిలుపుకొనును. నా మతమున, ఏది నిలుపుకొనినను రెండవది వచ్చినదని కేక వేయవలెను. మా పండ్రెండు మిల్లీమీటర్ల తప్పు అట్టి కేక యొక్కటి యున్నచో ఆనాడే పట్టుబడియుండెడిది.

తావు సంఖ్య 0417 కదా. అంకెలు కనబడగానే సంఖ్య యని భ్రమించి, మొదటి సున్నను ఊడ్చివేసి 417గా వ్రాసికొను ప్రోగ్రాములు గలవు. అప్పుడా యంత్రము పట్టికలో నున్న పేరుతో పొసగక అనాథయగును. పదచ్ఛేదము చేయువాడు పదములను విడదీసి చూపవలెను. విలువ సంఖ్యయా, పేరా యను నర్థనిర్ణయము ఆ పిమ్మటిది, ఆ పేరునుబట్టి చేయవలసినది.

కాలమును గూర్చి యొకమాట. వానదినము అర్ధరాత్రితో మాఱదు. ఉదయము 8:30తో మాఱును. 13వ తేదీ రాత్రి కురిసిన వాన 14వ తేదీ ఉదయపు లెక్కలో చేరును. పంక్తి చివరనున్న +05:30 మన దేశకాలము గ్రీనిచ్ కాలమునకు ఐదున్నర గంటలు ముందున్నదని చెప్పును. మన 8:30 అనగా వారికి 3:00 గంటలు. ఆ చిన్నతోకను కత్తిరించి చదివినచో తెల్లవాఱుజామున పడిన వాన వేఱొక దినమునకు పోవును.

ఇక మిగిలినది తెగిన పంక్తి. కొండచాటు తావులలో సెల్‌ఫోను మార్గము నడుమ తెగును. పంక్తి సగమే చేరును. తెఱచిన కొటేషను మూతపడక యుండును. అంతేకాక, పంక్తి పొడవునకు హద్దులును గలవు. పాత సిస్‌లాగ్ ఆచారమును 2001లో వివరించిన పత్రము ఒక పంక్తి 1024 బైట్లకు మించరాదన్నది. ఇంగ్లీషు అక్షరము ఒక్క బైటులో ఇముడును. నేడు వాడుకలోనున్న యూటీఎఫ్-8 రీతిలో తెలుగునకు గుణింతపు గుర్తు, పొల్లు మొదలైనవి సైతము ఒక్కొక్కటి మూడేసి బైట్లు పట్టును. ‘క్షా’ అని మనము ఒక్క యక్షరముగా పలుకునది కకారము, పొల్లు, షకారము, దీర్ఘము అను నాలుగు తునుకలు; 12 బైట్లు. ఇంగ్లీషువాడు వేయి యక్షరములు వ్రాయుచోట మనకు మున్నూట నలువది తునుకలు పట్టుట గగనము. హద్దు దాటినచోట కత్తెఱ పడినచో అది తెలుగక్షరము నడుమ పడవచ్చును. అప్పుడు చివర మిగులునది ఏ భాషకును చెందని విఱుగుడు. తెలుగున గమనికలు వ్రాయించుడని నేను నా శిష్యునకు చెప్పితిని, ఇప్పటికిని చెప్పుచున్నాను. కాని గమనికను పంక్తి చివర పెట్టించుమని గూడ చెప్పితిని. తెగినచో అదియే తెగును. కాలము, తావు, వాన ముందే చేరియుండును.

తెగిన పంక్తిని ఏమి చేయవలెనని మా యిద్దఱికి వాదము నడచినది. "పారేస్తే పాయె అయ్యవారూ, లక్షల్లో ఒకటి గదా" అని అతడు. జీర్ణించిన తాళపత్రమున అక్షరములు పోయినచోట పరిష్కర్త చుక్కలు పెట్టి విడుచును; ఆకును పొయ్యిలో పెట్టడు, తోచిన పద్యమును వ్రాసి నింపడు, అని నేను. తుదకు అతడు నా త్రోవకు వచ్చెను. నియమమునకు లొంగని పంక్తిని ఉన్నదున్నట్లు, ఒక్క యక్షరము మార్చక, వేఱొక కట్టలో దాచునట్లును, ఎన్నవ యక్షరమువద్ద ఏ యవస్థలో ఆగిపోయెనో ప్రక్కన వ్రాయునట్లును ప్రోగ్రామును దిద్దెను.

పిమ్మట అతడు పాత పంక్తులన్నిటిని క్రొత్త ప్రోగ్రాముచే మొదటినుండి చదివించెను. ముడిపంక్తులను ఎవరును చెఱుపక దాచియుండిరి గనుక అది సాధ్యమైనది. 0417 తావున ఆగస్టు 14వ తేదీ వాన 0.0 అయినది. రెండుగా విఱిగిన బెట్ట మఱల 25 దినములకు అతుకుకొన్నది. సరిచూచిన పట్టికను అతడు తన పైవారికి పంపెను. అందు పని యింకను జరుగుచున్నది.

వేఱు కట్టలో మూడు పంక్తులు తేలినవి. రెంటిలో గమనిక మాత్రమే తెగినది; వాన చదువవచ్చును. మూడవది ‘వాన=1’ అను చోట ఆగిపోయినది. అది ఒక మిల్లీమీటరో, పదియో, పండ్రెండున్నరయో ఆ పంక్తినుండి తెలియదు. ఆ నాటికి ఆ తావునకు ఎదుట పట్టికలో ‘తెలియదు’ అనియే వ్రాసియున్నది. ఆ యూరిలో ఎవరినైన అడిగి కనుగొనుటకు అతడు మరుసటి సెలవులలో పోయెదనని చెప్పినాడు.